ముఖ నరాల నొప్పికి ‘వైద్య గంజాయి’ చుక్కలు కొనేవారికి హెచ్చరిక: లేబుల్ మీది అంకెను నమ్మి మాత్రలు ఆపకండి

ట్రైజెమినల్ న్యూరాల్జియాతో, అంటే ముఖంలోని నరం వల్ల వచ్చే తీవ్రమైన నొప్పితో బాధపడుతూ, మాత్రల వల్ల వచ్చే మగతతో విసిగి, గంజాయి నుంచి తీసిన నూనె చుక్కలు కొందామని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్న సీసాలో ఉండాల్సినంత సీబీడీ (గంజాయిలోని మత్తు కలిగించని పదార్థం) లేదు, అసలు లేదని హామీ ఇచ్చిన టీహెచ్‌సీ (మత్తు కలిగించే పదార్థం) మాత్రం ఉంది. రుజువుగా చూపిన ప్రయోగశాల ధ్రువపత్రం ఆ సీసాకు సంబంధించినదే కాదు. అమ్మినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు. పేరు మార్చుకోవడం ఇలాంటి వారికి ఒక పూట పని కాబట్టి, పేరు కన్నా వారి పద్ధతిని గుర్తుపట్టడమే కొనేవారికి ఉపయోగం.

ఈ జబ్బు ఉన్నవారిని బుట్టలో వేసుకోవడం ఎందుకంత తేలికో ముందుగా చెప్పాలి. ముఖం కడుక్కున్నా, పళ్లు తోముకున్నా, చల్లగాలి చెంపకు తగిలినా కరెంటు షాకు కొట్టినట్టు వచ్చే ఈ నొప్పి కొన్ని క్షణాల నుంచి రెండు నిమిషాల దాకా ఉండి పోతుంది, మళ్లీ వస్తుంది. అయితే చాలామందిలో ఇది నెలల తరబడి, ఒక్కోసారి సంవత్సరాల తరబడి దానంతటదే తగ్గి ఉండటం కూడా ఈ జబ్బు లక్షణమే. నొప్పి పతాక స్థాయిలో ఉన్నప్పుడే ఎవరైనా కొత్త మందు కొంటారు. ఆ తరవాత నొప్పి సహజంగా తగ్గుముఖం పడితే ఆ ఘనత సీసాకు దక్కుతుంది. విక్రేతలు చూపించే ‘రెండు వారాల్లో నొప్పి మాయం’ తరహా అభిప్రాయాల్లో నిజాయితీగా రాసినవి కూడా ఉండవచ్చు, కానీ వాటిని మందు పనిచేసిందనడానికి సాక్ష్యంగా తీసుకోలేము.

ఇక నా సీసా సంగతి. ముప్పై మిల్లీలీటర్ల సీసా మీద 1500 మిల్లీగ్రాముల సీబీడీ అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలనుకుంటే చుక్కకు రెండున్నర మిల్లీగ్రాములు. ఈ లెక్క వేసుకోకుండా మోతాదు ఎంత తీసుకుంటున్నామో తెలియదు, అయినా లేబుల్ మీద ఈ లెక్క ఎక్కడా లేదు. ‘రోజుకు రెండుసార్లు ఒక డ్రాపరు’ అని మాత్రమే ఉంది, ఆ డ్రాపరు మీద గీతలు కూడా లేవు. పెట్టె పక్కన ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో చూస్తే ధ్రువపత్రం తెరుచుకుంది. అందులోని బ్యాచ్ నంబరుకూ సీసా అడుగున ముద్రించిన నంబరుకూ పొంతన లేదు. పరీక్ష తేదీ సీసా తయారీ తేదీ కన్నా ముందుది. తయారుకాక ముందే పరీక్ష పూర్తి చేసుకున్న మందును నేను చూడటం అదే మొదటిసారి.

దాంతో సీలు తీయని రెండో సీసాను విక్రేతతో సంబంధం లేని ప్రయోగశాలలో పరీక్ష చేయించాను. సీబీడీ చెప్పినదాని కన్నా బాగా తక్కువగా ఉంది. ‘టీహెచ్‌సీ రహితం’ అని రాసినప్పటికీ టీహెచ్‌సీ కనిపించింది. మొదటి సీసా వాడిన రోజుల్లో నోరెండిపోవడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మాట కాస్త తడబడటం ఎందుకు జరిగాయో అప్పుడు అర్థమైంది. మత్తు కలిగించేది టీహెచ్‌సీ. అది తెలియకుండా ఒంట్లోకి వెళితే వాహనం నడపడం ప్రమాదకరం, ఉద్యోగంలో చేసే మాదకద్రవ్య పరీక్షలో దొరికిపోయే అవకాశం ఉంది, గంజాయిని నిషేధించిన చోట్ల కొన్నవారే కేసులో ఇరుక్కోవచ్చు.

ఇది నా ఒక్క సీసాకు పరిమితమైన వ్యవహారం కాదు. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్‌కు సరిపోయినవి సుమారు 31 శాతమే. దాదాపు 43 శాతంలో చెప్పినదాని కన్నా ఎక్కువ, 26 శాతంలో తక్కువ సీబీడీ ఉంది. 18 ఉత్పత్తుల్లో టీహెచ్‌సీ బయటపడింది. ఎక్కువ ఉంటే లాభమే కదా అనుకోవద్దు. మోతాదు తెలియని మందు ఏ దిక్కున తప్పినా ఇబ్బందే.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది సరుకులోని మోసం కాదు, దాంతోపాటు వచ్చిన ఉచిత సలహా. మోతాదు గురించి సందేశం పంపితే, ‘రసాయన మాత్రలు ఆపేయండి, అప్పుడే మా నూనె బాగా పనిచేస్తుంది’ అని విక్రేత తరఫు ‘సలహాదారు’ జవాబిచ్చారు. ఆయన చదువేమిటో అడిగితే సమాధానం లేదు. ట్రైజెమినల్ న్యూరాల్జియాకు ముందుగా ఇచ్చే మందు కార్బమజెపైన్. దాన్ని ఉన్నట్టుండి ఆపితే నొప్పి విజృంభించవచ్చు, మూర్ఛ ఉన్నవారికి ఫిట్స్ రావచ్చు. ఆపకుండా రెండూ కలిపి వాడటం కూడా మన ఇష్టానికి వదిలేసే విషయం కాదు. కార్బమజెపైన్ కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే కొన్ని ఎంజైమ్‌ల పనిని పెంచుతుంది, సీబీడీ కొన్నిటిని అణచివేస్తుంది, కాబట్టి రక్తంలో మందుల స్థాయి మారవచ్చు. ఈ నొప్పికే ఇచ్చే గబాపెంటిన్, బాక్లోఫెన్ వంటివి వాడేవారికి మగత మరింత పెరుగుతుంది. మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారిలో సీబీడీ వల్ల రక్తంలో కాలేయ ఎంజైమ్‌లు పెరిగే (కాలేయం ఒత్తిడికి గురవుతోందనడానికి గుర్తు) ప్రమాదం ఎక్కువని తెలిసిన విషయమే. చుక్కలు మొదలుపెడుతున్నట్టు నా వైద్యురాలికి ముందే చెప్పాను కాబట్టి, ఆ సందేశం చూపించగానే ఆమె మాత్రలు యథాతథంగా కొనసాగించమని, చుక్కలు ఆపమని చెప్పి, కాలేయ పరీక్ష రాశారు.

వైద్య గంజాయి అంటే మొత్తం బూటకమేనని నా ఉద్దేశం కాదు. నిర్ణీత మోతాదుతో, వైద్యుల చీటీపై దొరికే మందులు ఉన్నాయి. టీహెచ్‌సీ, సీబీడీ దాదాపు సమానంగా ఉండే సాటివెక్స్ అనే నోటి స్ప్రేను మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే జబ్బు) రోగుల కోసం కొన్ని దేశాలు అనుమతించాయి. శుద్ధి చేసిన సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్‌కు 2018లో అమెరికా అనుమతి ఇచ్చింది, కాకపోతే అది కొన్ని అరుదైన మూర్ఛ వ్యాధులకు, ముఖం నొప్పికి కాదు. నొప్పి మీద పరిశోధన చేసేవారి అంతర్జాతీయ సంఘం 2021లో, తగిన ఆధారాలు లేనందున నొప్పికి గంజాయి వాడకాన్ని సాధారణ చికిత్సగా సమర్థించలేమని ప్రకటించింది. ‘వైద్యపరంగా నిరూపితం’ అని పెట్టె మీద కనిపిస్తే ఏ జబ్బుకు, ఏ మందుతో, ఎంత మోతాదులో నిరూపితమైందో అడగండి. నేను అడిగితే మూర్ఛ మందు గురించిన వార్త లింకు పంపారు.

ఎలాగైనా కొనాలని నిర్ణయించుకున్నవారు డబ్బు కట్టకముందే మీకు పంపబోయే బ్యాచ్ ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోండి. అందులో సీబీడీ, టీహెచ్‌సీ అంకెలు విడివిడిగా ఉండాలి, భార లోహాలు, పురుగుమందుల అవశేషాల ఫలితాలు కూడా ఉండాలి, ఎందుకంటే గంజాయి మొక్క నేలలోని లోహాలను పీల్చుకుంటుంది. పత్రం మీదున్న ప్రయోగశాలకు మీరే ఫోను చేసి నంబరు సరిచూసుకోండి. పదార్థాల జాబితాలో ‘గంజాయి గింజల నూనె’ మాత్రమే ఉంటే అది వంటకు పనికొచ్చే నూనె, సీబీడీ దాదాపు ఉండదు. ఆల్కహాలులో కలిపిన చుక్కలు నాలుక కింద మండుతాయి. నోటి లోపలి స్పర్శతోనే నొప్పి మొదలయ్యేవారికి అదొక కొత్త శిక్ష. చెంపకు రాసుకునే మలాముల్లో కాప్సైసిన్ (మిరపకాయకు కారాన్నిచ్చే పదార్థం) ఉందేమో చూసుకోండి, కంటికి తగిలితే భరించలేని మంట పుడుతుంది. పొగలా పీల్చే వేప్‌ల జోలికి అసలు పోవద్దు. 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని వేల మంది ఆసుపత్రుల పాలవడానికి ప్రధానంగా టీహెచ్‌సీ వేప్‌లలో కలిపిన విటమిన్ ఈ అసిటేటే కారణమని తేలింది.

ఇప్పటికే మోసపోయినవారు సీసాను పారేయకండి. పెట్టె, రసీదు, విక్రేత సందేశాల స్క్రీన్‌షాట్లు దాచి ఉంచండి, వాడినప్పుడు కనిపించిన లక్షణాలను తేదీలతో రాసిపెట్టుకోండి. ప్రయోగశాల నివేదిక పంపిన తరవాత నా విక్రేత డబ్బు వాపసు ఇస్తానన్నారు, కాకపోతే నేను రాసిన అభిప్రాయాన్ని తొలగించాలన్నది షరతు. నేను ఒప్పుకోలేదు. నివేదికను, ఆ షరతు పెట్టిన సందేశాన్ని కలిపి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు పంపాను.