పాత బెంజా, చిన్న యారిసా? బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు

హైదరాబాద్‌లో మనకు అందని బెంజ్ ఈ-క్లాస్, పదేళ్లు దాటినదైతే ఇక్కడ నాలుగైదు వేల పౌండ్లకే కనిపిస్తుంది. మనసు లాగేస్తుంది. అదే డబ్బుకు టయోటా యారిస్ కూడా వస్తుంది.

ధర: రెండూ ఇంచుమించు ఒకటే.

ఇన్సూరెన్స్: అసలు తేడా ఇక్కడే. కార్లను 1 నుంచి 50 దాకా గ్రూపులు చేశారు; గ్రూపు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. యారిస్ కింది గ్రూపుల్లో, బెంజ్ పై గ్రూపుల్లో ఉంటాయి. పైగా మన లైసెన్సు ఇక్కడ 12 నెలలే చెల్లుతుంది. కారు చూడ్డానికి వెళ్లేముందే దాని నంబరు పెట్టి ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కోట్ తీసుకోండి.

లండన్ తిరుగుడు: యూరో 6 అనే పొగ ప్రమాణానికి సరిపోని డీజిల్ కారుకు అక్కడ కాలుష్య రుసుము రోజుకు 12.50 పౌండ్లు. 2015 సెప్టెంబరుకు ముందు డీజిల్ బెంజ్‌లు చాలావరకు ఇందులో పడతాయి. 2006 తర్వాతి పెట్రోల్ యారిస్‌కు సాధారణంగా ఆ బెడద లేదు.

రిపేర్లు: కారు ధర తగ్గినా పార్టుల ధర తగ్గదు. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి సంచులు) ఉన్న బెంజ్ పొద్దున్నే ఒక మూల కుంగి కనిపిస్తే పెద్ద ఖర్చు వచ్చిందన్నమాటే. యారిస్‌ను వీధి చివర గ్యారేజీవాళ్లయినా చూస్తారు.

సుఖం: మోటార్‌వే మీద బెంజ్‌దే పైచేయి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్న వెనక సీట్లో హాయిగా నిద్రపోతారు.

ఏది కొన్నా, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎంఓటీ (ఏటా జరిగే కారు తనిఖీ) చరిత్ర ఉచితంగా చూడొచ్చు. తుప్పు, ఆయిల్ లీకు ఏటా రాసుంటే వదిలేయండి.

మొదటి ఏడాదికి నా ఓటు యారిస్‌కే. యూకే లైసెన్సు వచ్చి, రిపేర్లకు విడిగా 1,500 పౌండ్లు ఉంటే, పెట్రోల్ బెంజ్ ధైర్యంగా చూడండి.