నా .416 రిగ్బీకి మూడో స్టాక్: ఏడేళ్లు వాడాక

నా .416 రిగ్బీ పెద్ద జంతువుల వేటకి వాడే రైఫిల్. దాని మొదటి స్టాక్, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం, 60 తూటాలు కూడా పేల్చకముందే చీలింది. టాంగ్ (లోహభాగం వెనక తోకలా సాగిన ముక్క) వెనక వెంట్రుకవాసి గీత కనిపిస్తే గీసుకుపోయిందేమో అనుకున్నాను. వేలిగోరు పెట్టి చూస్తే గోరు లోపలికి దిగింది.

నల్లటి చారలు మెలికలు తిరిగిన వాల్‌నట్ అది. అందం చూసి మోసపోయాను. ఆ మెలికలు మడమ (భుజానికి ఆనే చివర) దగ్గరే ఉంటే ఇబ్బంది లేదు, నా దాంట్లో పిడి దాకా పాకాయి. స్టాక్ మొత్తంలో సన్నటి చోటు అదే. అక్కడ పీచు పిడి వంపు వెంట బారుగా సాగాలి, అడ్డం తిరిగితే పేల్చినప్పుడు వెనక్కి వచ్చే తన్ను తట్టుకోలేదు. సగం తప్పు నాదే. మిగతా సగం చేసినతనిది. టాంగ్ వెనక కాస్త ఖాళీ వదలకుండా కలపకి బిగించేశాడు. పేల్చిన ప్రతిసారీ టాంగ్ ఉలిలా దిగింది.

ఈ కాలిబర్ 400 గ్రెయిన్ల తూటాని సెకనుకు సుమారు 2,400 అడుగుల వేగంతో పంపుతుంది. తన్ను మామూలు వేట కాలిబర్ .30-06 కన్నా రెండు రెట్ల పైమాటే. స్టాక్ మీద ఆ దెబ్బ పడేది ముఖ్యంగా రీకాయిల్ లగ్ (తన్నుని స్టాక్‌కి అందించే లోహపు మెట్టు) ఆనుకునే చోట. అందుకే లగ్ వెనక ఎపాక్సీ బెడ్డింగ్ (సందు లేకుండా నింపే గట్టి జిగురు), అడ్డంగా స్టీల్ బోల్టులు, బ్యారెల్ కింద రెండో లగ్ అడగండి. వీటి మీద మాత్రం పిసినారితనం వద్దు.

రెండోది ఫైబర్‌గ్లాస్. వానలో నానినా జీరో (కుదిర్చిపెట్టిన గురి) కదల్లేదు, ఆ విషయంలో వంక పెట్టలేను. కానీ తేలిక, అందుకే తన్ను ఎక్కువ. పైగా మడమ బాగా కిందికి వాలి ఉండేది. పేల్చగానే గొట్టం పైకి లేచేది, స్టాక్ పైఅంచు దవడని పొడిచేది. పిడి వంపు మరీ బిగుతు కావడంతో ట్రిగ్గర్ గార్డ్ నడిమి వేలిని కమిలించేది. రెండేళ్లకే ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకునే అలవాటు పట్టుకుంది. చెప్పుకోడానికి సిగ్గే అనుకోండి.

మూడోదానికి కలప అందం గురించి అడగనే లేదు. సాదా వాల్‌నట్, బారు పీచు. కళ్లు మూసుకుని భుజానికెత్తి, తెరిస్తే స్కోప్ ఎదురుగా ఉండేదాకా పైఅంచు చెక్కించుకున్నాను. ఆ అంచు దాదాపు తిన్నగా ఉండటంతో తన్ను వెనక్కే వస్తుంది, చెంపకి తగలదు. మడమ వెడల్పు, దానికి అంగుళం మందం రబ్బరు ప్యాడ్. పిడి వంపు విశాలం. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా 13.75 అంగుళాలు. పొట్టిగా ఉంటే స్కోప్ కనుబొమ్మని కోస్తుంది, పొడుగైతే జాకెట్‌కి చిక్కుకుంటుంది. స్లింగ్ (మోసే పట్టీ) కొక్కెం ముందరి చెక్క మీద కాక బ్యారెల్ చుట్టూ ఉండే బ్యాండ్‌కి పెట్టించాను. లేకపోతే రైఫిల్ వెనక్కి వచ్చినప్పుడు ఎడమ చేతిని చీరేస్తుంది.

ఇప్పటికి 500 తూటాల పైనే అయ్యాయి, చిన్న గీత కూడా లేదు. ఏడాదికోసారి లిన్సీడ్ నూనె పూస్తాను, వానాకాలం ముందు జీరో చూసుకుంటాను. ఫైబర్‌గ్లాస్‌కి నూనె అక్కర్లేదన్నది నిజమే. అదే ఫైబర్‌గ్లాస్ ఈ ఆకారంలో దొరికి ఉంటే మార్చేవాణ్ని కాదేమో.

ఒక్క ఫిర్యాదు బరువు. స్కోప్, తూటాలతో కలిపి పదిన్నర పౌన్లు. సాయంత్రానికి ఒక్కటీ పేల్చకుండానే భుజం పట్టేస్తుంది.