చేపలు ఎదురెక్కాలంటే వీళ్లను పిలవండి (5కి 4 స్టార్లు)

జీడిమెట్లలో మా షెడ్ల వెనక పాత ఫౌండ్రీ (లోహాలు కరిగించి పోతపోసే ఫ్యాక్టరీ) కాలువ ఒకటుంది. పై కుంట నుంచి ఫౌండ్రీకి నీళ్లు తెచ్చుకుని, మిగిలినవి కింది చెరువులోకి వదిలేవాళ్లు. ఫౌండ్రీ మూతబడ్డాక సిమెంటు గోడలు, లొట్టపీసు పొదలు, ఎక్కడెక్కడి డ్రైనేజీ మిగిలాయి. దీన్ని బాగుచేసి మళ్లీ చేపలు ఎక్కేలా చేసే పని మా షెడ్ల అసోసియేషన్ ఈ కాంట్రాక్టర్లకిచ్చింది. వానాకాలమంతా చూశాకే ఈ రివ్యూ రాస్తున్నా.

వీళ్లకంటే ముందు ఇంకో కాంట్రాక్టరు వచ్చాడు. కొటేషన్ నిండా గ్రానైటు, రంగు లైట్లు, వాకింగ్ ట్రాకు, గట్టు పొడవునా కోనోకార్పస్ చెట్లు. నీళ్ల గురించి ఒక్క ముక్క లేదు. వీళ్లు రాగానే అడిగింది వేరు: "వానాకాలంలో ఇక్కడికి ఏ చేపలొచ్చేవన్నా?" నేను గంగపుత్రుల ఇంట్లో పుట్టినోణ్ని. చెరువు నిండి మత్తడి దుంకితే చేప ఎట్లా ఎదురెక్కుతుందో మా నాయిన చెబుతుంటే విని పెరిగాను. లేత్ మిషన్ల మధ్య ఇన్నేళ్లు గడిచాక ఆ మాట ఒకరు అడిగితే కడుపు నిండినట్టయింది. పరకలు, జెల్లలు, మార్పులు, కొర్రమీను అని చెప్పాను. డ్రాయింగు ఆ చేపలను బట్టే వేశారు.

పని మొదలుపెట్టే ముందు నీళ్లు పరీక్ష చేయించారు. చేపలు బతికి పిల్లలు పెట్టాలంటే లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మా కాలువ దాని దరిదాపుల్లో కూడా లేదు. మురుగు పైపు మళ్లించేదాకా రాయి కూడా కదిలించమని తెగేసి చెప్పారు. ఆ పైపు కోసం మేం నెలల తరబడి తిరిగాం. విసుగొచ్చినా వాళ్ల మాటే సరైంది. కూకట్‌పల్లి నాలా పారిశ్రామికవాడల మురికిని హుస్సేన్‌సాగర్‌లోకి మోసుకుపోతుంటే చూస్తూ పెరిగినవాళ్లం, పైన మురుగు ఆపకుండా కింద ఒడ్డుకు ఎంత సోకు చేస్తే ఏం లాభం? పూడిక విషయంలోనూ జాగ్రత్తగానే ఉన్నారు. పాత ఫౌండ్రీ మట్టి కదా, ల్యాబుకు పంపి, లోహాలు ఎక్కువున్న మట్టిని దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించారు.

అసలు పనితనం కాలువ చెరువులో కలిసే చోట ఉంది. అక్కడ నడుమెత్తు సిమెంటు గోడ మీంచి నీళ్లు నిలువునా పడేవి. పరక దాన్ని ఎక్కడమన్నది జరిగే పని కాదు. గోదావరిలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పులసకు అడ్డమైందని అందరికీ తెలుసు, ఇట్లాంటి చిన్న గోడల సంగతి ఎవరికీ పట్టదు. వీళ్లు ఆ గోడ పగలగొట్టి, పొడుగ్గా వాలు తీసి, బండరాళ్లను అడ్డవరసలుగా పాతారు. వరసల మధ్య మోకాలి లోతు మడుగులు. ఒక మడుగుకూ పై మడుగుకూ నీటిమట్టంలో తేడా జానెడు కూడా ఉండదు. ప్రతి వరసలో ఒక సందు వదిలారు, ఒకదాంట్లో కుడివైపు ఉంటే దాని పైదాంట్లో ఎడమవైపు. సందులన్నీ తిన్నగా ఉంటే నీళ్లు ఉరికి ఉరికి వేగం పెరుగుతుందట, చేపకు ఆగే చోటు దొరకదట. మేస్త్రీ కట్టెపుల్లలు నీళ్లలో వేసి మరీ చూపించాడు.

జులైలో గట్టి వాన పడ్డాక వెళ్లి చూశాను. పరకలు రాయి చాటున ముక్కు ప్రవాహానికి పెట్టి, తోకలు మాత్రం ఆడిస్తూ నిలబడ్డాయి. ఉన్నట్టుండి ఒకటి పక్కకు వాలింది, తెల్లటి పొట్ట తళుక్కుమంది, సందులో దూరి పై మడుగులో తేలింది. దాని వెనకే నాలుగైదు. రెండు కొట్టుకొచ్చి మళ్లీ అదే రాయి చాటుకు చేరాయి. మా వర్కర్లు మధ్యాహ్నం టీ కూడా మరచి అక్కడే నిలబడ్డారు.

మొక్కలన్నీ మన నేలవే. నీటి అంచున తుంగ, గట్టు వాలుకు వట్టివేరు, రెల్లు, పైన తెల్లమద్ది, కానుగ, మేడి. జమ్ము వదిలేస్తే కాలువంతా కమ్మేస్తుందని ఒక మూలకే పెట్టారు. చెట్లు పెరిగి నీడ పడితే నీళ్లు చల్లగా ఉంటాయి, చల్లటి నీళ్లలోనే ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది. వానలు తగ్గుముఖం పట్టాక తుంగ మధ్యలో కొర్రమీను పిల్లల ఎర్రటి గుంపు కనిపించింది, కింద తల్లో తండ్రో కాపలా. మన రాష్ట్ర చేప పిల్లలు ఫౌండ్రీ కాలువలో!

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, నాటాక వీళ్ల శ్రద్ధ చాల్లేదు. కొట్టేసిన లొట్టపీసు కొమ్మలు గట్టు మీదే వదిలేశారు. ఆ కొమ్మ తడి మట్టికి తగిలితే చాలు వేళ్లూనుతుంది, ఇప్పుడు రెల్లుతో పోటీపడి లేస్తోంది. మొదటి వరదకు కొట్టుకుపోయిన వావిలి మొక్కల కోసం ఫోన్ చేస్తే వస్తాం వస్తాం అంటూనే దసరా దాటించారు.

అందుకని ఏడాది నిర్వహణ, పీకిన కలుపు దూరంగా తరలించడం అగ్రిమెంటులో రాయించుకోండి, చివరి బిల్లు వానాకాలం దాటాకే ఇవ్వండి. సంక్రాంతి కాగానే పిలిస్తే మే లోపు రాళ్ల పని అయిపోతుంది. జూన్‌లో పిలిస్తే ఇక మరుసటి ఏడే.