ఆరు సిలిండర్ల కారుకు డ్యూయల్ ఎగ్జాస్ట్: హెచ్ పైపా, ఎక్స్ పైపా, వై పైపా?

ముందు కారు కింద దూరి చూడండి. వీ6 ఇంజన్‌ను అడ్డంగా బిగించిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో చాలావాటికి రెండు బ్యాంకుల (మూడేసి సిలిండర్ల వరసల) పైపులూ ఇంజన్ కిందే కలిసిపోతాయి. వెనక సైలెన్సర్లు రెండున్నా మధ్యలో నడిచేది ఒక్క పైపే. అలాంటి కారుకు క్రాసోవర్ (రెండు పైపులనూ మధ్యలో కలిపే హెచ్, ఎక్స్ లాంటి ముక్క) కొనడం దండగ. పైపులు రెండూ విడివిడిగా వెనక్కి వెళ్తుంటేనే ఈ బేరీజు.

క్రాసోవర్ మీద వినిపించే సలహాల్లో ఎక్కువ వీ8 వాళ్లవి. క్రాస్‌ప్లేన్ వీ8లో (క్రాంక్ పిన్నులు 90 డిగ్రీల ఎడంలో ఉండే రకం) ఒక్కో బ్యాంకులో పేలుళ్ల మధ్య ఎడం, క్రాంక్ షాఫ్టు తిరుగుడులో లెక్కిస్తే, 90, 180, 270, 180 డిగ్రీలు. పైపులోకి రెండు పొగ దెబ్బలు వెంటవెంటనే పడి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాదు. ఆ ఎగుడుదిగుడును సర్దడం అక్కడ క్రాసోవర్ పని. ఆరు సిలిండర్లకు ఆ జబ్బే లేదు. వీ6లో ఒక్కో బ్యాంకు 240 డిగ్రీలకొకసారి లెక్క తప్పకుండా పేలుతుంది. ఇన్‌లైన్ సిక్స్‌ (ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండే ఇంజన్) కూడా అంతే: 1-5-3-6-2-4 వరసలో ముందు మూడు, వెనక మూడు వంతులవారీగా పేలుతాయి. కాబట్టి పవర్‌లో తేడా స్వల్పమే. ఎంచుకోవాల్సింది శబ్దాన్నీ, కారు కింద ఉన్న జాగానీ చూసి.

క్రాసోవర్ అసలు లేకపోతే మూడేసి సిలిండర్ల ఇంజన్లు రెండు పక్కపక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో పైపులో సెకనుకు 75 దెబ్బలే, కలిస్తే 150. విడిపైపుల్లో ఆ బరకతనం ఎక్కువమందికి నచ్చదు.

ఎక్స్ పైపులో రెండు వైపుల దెబ్బలూ ఒకచోట కలిసి 120 డిగ్రీలకొకటిగా సాగుతాయి. స్వరం పైకి లేస్తుంది, నునుపవుతుంది. కానీ సన్నటి గోడల సైలెన్సర్లు తోడైతే, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ రేకుడబ్బా గీకినట్టు గరగర మొదలవుతుంది. ఎక్స్ వేస్తే దాని వెనక రెండు పైపులకూ రెజొనేటర్లు (ఇలాంటి గరగరను అణిచే డబ్బాలు) తప్పనిసరి అనుకోండి. కలిసేదాకా రెండు పైపుల పొడవూ సమానంగా ఉండాలంటారు. నిజమే గానీ బెంగ అక్కర్లేదు: 30 సెం.మీ. తేడా వస్తే 3000 దగ్గర దెబ్బ సుమారు 11 డిగ్రీలు వెనకబడుతుంది, శబ్దంలో చిన్న వణుకు వస్తుంది, అంతే.

హెచ్ పైపు గొంతు లోతుగా ఉంచుతుంది, కలయిక పాక్షికమే. దీని అసలు సుఖం బిగింపులో. ఎక్స్ కోసం రెండు పైపుల్నీ మధ్యకు లాగాలి. అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు, గేర్‌బాక్స్ క్రాస్‌మెంబర్ అడ్డొస్తాయి, కిందకు దించితే స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. హెచ్‌కు అడ్డంగా ఓ పొట్టి ముక్క చాలు, వ్యాసం మెయిన్ పైపంతే ఉంటే మేలు. ఆ ముక్కను నేరుగా వెల్డ్ చేసి వదిలేయకండి. రెండు పైపులూ ఒకేలా వేడెక్కవు; ఒకటి ఎక్కువ సాగితే వెల్డ్ అంచున పగులు వస్తుంది. మధ్యలో స్లిప్ జాయింటూ (ఒకదాంట్లో ఒకటి జారే అతుకు), దాన్ని పట్టి బిగించే బ్యాండ్ క్లాంపూ పెడితే ఆ బాధ ఉండదు, రేపు గేర్‌బాక్స్ దించాల్సి వచ్చినా మొత్తం పైపులు ఊడదీయక్కర్లేదు.

ఇక వై: రెండు పైపులూ కలిసి ఒక్కటిగా వెనక్కి వెళ్లేది. డ్యూయల్ కావాలనుకున్నవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. 76 మి.మీ. ఒంటి పైపు వైశాల్యం రెండు 57 మి.మీ. పైపుల కంటే తొమ్మిదో వంతే తక్కువ. బరువు తగ్గుతుంది, జాగా మిగులుతుంది, రెజొనేటర్ ఒకటే చాలు. టర్బో లేని 3 నుంచి 3.7 లీటర్ల ఇంజన్‌తో రోజూ తిరిగే కారుకైతే నా ఓటు దీనికే. రెండు పైపులూ ఉండాల్సిందేనంటే 57 మి.మీ. పైపులతో హెచ్. ఇంజన్‌ను ఎక్కువ ఆర్‌పీఎం దాకా లాగి నడిపేవాళ్లకైతే ఎక్స్.

ఏది వేసినా కలిసే చోటు క్యాటలిటిక్ కన్వర్టర్లూ (పొగను శుద్ధి చేసే డబ్బాలు), వాటి వెనకున్న ఆక్సిజన్ సెన్సర్లూ దాటాకే ఉండాలి. ముందే కలిపితే ఒక బ్యాంకు పొగను రెండో బ్యాంకు సెన్సర్ చదువుతుంది. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) ఇంధనాన్ని తప్పుగా సర్దుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. 304 స్టెయిన్‌లెస్ అయితే వెల్డ్ చేసేటప్పుడు లోపల ఆర్గాన్ నింపాలి. లేదంటే అతుకు లోపలివైపు నల్లగా గరుకుగా పొక్కి, అక్కడే పగులుతుంది.

అంతా అయ్యాక 2200 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్‌లో గూమని మోత నిలిచిపోతే అది 110 హెర్ట్జ్. పక్కకు ఒక చివర మూసిన పైపు పెట్టి దాన్ని చంపవచ్చు. అందులోని వాయువులో ధ్వని వేగం సెకనుకు 400 మీటర్లనుకుంటే పొడవు 91 సెం.మీ. వస్తుంది. వేడిని బట్టి ఇది మారుతుంది కాబట్టి ఓ మీటరు పెట్టి, మూతను క్లాంపుతో బిగించి, నడిపి చూస్తూ రెండేసి సెంటీమీటర్లు కోసుకుంటూ రండి. మోత ఆగిన చోట వెల్డ్ చేయండి.