మీడియేటర్‌గా ఎవరు మేలు: రిటైర్డ్ జడ్జిగారా, లాయరా?

అన్నదమ్ముల ఆస్తి తగాదా కావచ్చు, భాగస్వాముల మధ్య లెక్కల గొడవ కావచ్చు, మీడియేషన్ (తీర్పు చెప్పని మధ్యవర్తి సాయంతో ఇరుపక్షాలూ మాట్లాడుకుని రాజీకి రావడం) అనుకోగానే నన్ను అందరూ అడిగేది ఇదే. పేరున్న రిటైర్డ్ జడ్జిగారిని పెట్టుకుంటే మేలా, శిక్షణ పొందిన లాయర్ సరిపోతారా అని.

జడ్జిగారి వైపు బలం చిన్నదేమీ కాదు. 'ఈ కాగితం కోర్టులో నిలబడదు' అని లాయర్ చెబితే, అవతలివాళ్ల తరఫున మాట్లాడుతున్నారేమో అన్న అనుమానం వస్తుంది. అదే మాట ఏళ్ల తరబడి తీర్పులిచ్చిన మనిషి చెబితే ఎంత మొండివాడైనా ఆగి ఆలోచిస్తాడు. కంపెనీల మధ్య పెద్ద మొత్తాల వివాదాల్లో ఈ బరువు బాగా పనికొస్తుంది. జస్టిస్ ఎన్.వి. రమణ 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు, 2022 ఆగస్టులో భారత ప్రధాన న్యాయమూర్తిగా రిటైరయ్యారు. ఆ తర్వాత సింగపూర్ అంతర్జాతీయ మీడియేషన్ సెంటర్ ప్యానెల్‌లో చేరారు. హైదరాబాద్‌లో ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం 2021లో మొదలవడం వెనకా ఆయన చొరవ ఉంది.

అయినా, నా దృష్టిలో పేరు కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. జడ్జి పని తేల్చడం. మీడియేటర్ తేల్చకూడదు. ఏ ఒప్పందాన్నీ రుద్దకూడదని 2023 మీడియేషన్ చట్టమూ చెబుతోంది. ఇన్నేళ్ల అలవాటును రిటైరైన మర్నాడే వదిలేయడం ఎవరికైనా కష్టమే. పైగా ఆ అలవాటు ఆయనొక్కరిదే కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్లదీ. జడ్జిగారు కనబడగానే మనవాళ్లు మళ్లీ వాదన మొదలుపెడతారు, తప్పంతా అవతలివాళ్లదేనని నిరూపించాలని చూస్తారు. విడిగా కూర్చోబెట్టి 'అసలు మీకేం కావాలి?' అని అడిగినా, 'తమ్ముడు నాన్నను చివర్లో చూడలేదు, నాకు అదే బాధ' అన్న మాట నోటికి రాదు. చాలా ఆస్తి తగాదాల్లో ముడి ఉండేది అక్కడే.

అందుకే కుటుంబ, ఆస్తి వివాదాలకు నేను 40 గంటల మీడియేషన్ శిక్షణ పూర్తిచేసి, ఓపిగ్గా వినే లాయర్ వైపే మొగ్గుతాను. జడ్జిగారే కావాలనుకుంటే హైకోర్టు నుంచి వచ్చినవారి కంటే జిల్లా కోర్టులోనో ఫ్యామిలీ కోర్టులోనో చేసినవారిని చూడండి. హైకోర్టులో ఎక్కువగా వినేది లాయర్ల వాదనలే. కింది కోర్టులో మాత్రం కక్షిదారుల్ని, సాక్షుల్ని, వాళ్ల కన్నీళ్లను రోజూ ఎదురుగా చూస్తారు. ఆ అనుభవానికి శిక్షణ కూడా తోడైతే అంతకంటే మంచి మీడియేటర్ దొరకరు.

పెద్ద వ్యవహారమైతే ఇద్దర్నీ కలిపి పెట్టుకోవచ్చు. 2019లో అయోధ్య వివాదానికి సుప్రీంకోర్టు వేసిన ప్యానెల్‌లో రిటైర్డ్ న్యాయమూర్తి జస్టిస్ కలీఫుల్లా, మీడియేషన్‌లో పండిపోయిన సీనియర్ అడ్వకేట్ శ్రీరామ్ పంచు, శ్రీశ్రీ రవిశంకర్ ఉన్నారు. అక్కడ రాజీ కుదరలేదు, చివరికి తీర్పే వచ్చింది. ఎంత పెద్దవారు చెప్పినా, ఇరుపక్షాలకూ ఇష్టం లేకపోతే ముందుకెళ్లదు. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల కృష్ణా జలాల కేసులో జస్టిస్ రమణ మీడియేషన్ సూచించినప్పుడూ అంతే. ఆంధ్రప్రదేశ్ కోర్టు విచారణే కావాలంది, కేసు మరో బెంచికి వెళ్లింది.

లోక్ అదాలత్ చెక్ బౌన్స్, యాక్సిడెంట్ పరిహారం లాంటి వాటికి బాగుంటుంది, ఫీజు ఉండదు. కానీ అక్కడ ఒక్కో కేసుకు దొరికే సమయం తక్కువ. ఆర్బిట్రేషన్ అంటే మళ్లీ ఒకరు తేల్చడమే కాబట్టి ఈ పోలికలోకి రాదు.

ఎవరిని ఎంచుకున్నా ముందే రెండు అడగండి. మీడియేషన్ శిక్షణ ఎక్కడ పొందారు? రెండు పక్షాలతో విడివిడిగా కూర్చోవడానికి ఎంత సమయం ఇస్తారు? రెండోదానికి 'అవసరమైతే చూద్దాం' అన్న జవాబు వస్తే, అది ఎంత పెద్ద హోదాలో పనిచేసినవారి నోట వచ్చినా, నేనైతే ఇంకొకరిని వెతుక్కుంటాను.