మోసపోయి కొన్న పాత కారు: వెనక్కి ఇవ్వాలా, బాగు చేయించాలా?

ఆయిల్ మూత విప్పితే అడుగున మీగడలాంటి తెల్లటి జిగురు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కూలెంట్, కూడా రోజురోజుకీ తగ్గుతోంది. హెడ్ గాస్కెట్‌ను అనుమానించాల్సిందే. ఇంజన్ బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు అది; పాడైతే కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. అమ్మినవాడేమో ‘ఇంజన్ బ్రహ్మాండం’ అన్నాడు.

ఖర్చు: వెనక్కి ఇవ్వాలంటే ముందు పెట్టేది మెకానిక్ పరీక్షకీ, నోటీసుకీ. బాగు చేయించాలంటే ఇంజన్ విప్పాకే అసలు బిల్లు తేలుతుంది. హెడ్ వంగి ఉంటే ఇంకా పెరుగుతుంది.

శ్రమ: తగాదాకి దిగితే నెలలు పట్టొచ్చు. ఫోన్ ఎత్తడు, ఎత్తినా ‘మీరు తీసుకెళ్ళినప్పుడు బాగానే ఉంది కదండీ’ అంటాడు. షెడ్డులో ఇస్తే కొన్ని రోజుల పని.

రిస్క్: చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కంగారులో ముందు రిపేరు చేయించేసి, తర్వాత డబ్బులడుగుతారు. పాత గాస్కెట్ చెత్తలోకి పోయాక రుజువేది? ఏ దారైనా సరే, స్పానర్ పడకముందే ఇద్దరికీ సంబంధం లేని మెకానిక్‌తో రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. ఫొటోలు, అమ్మకపు ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. ఈలోగా బండి నడపొద్దు. వేడెక్కితే ‘మీరే పాడుచేశారు’ అంటాడు.

అమ్మినవాడు డీలరై, లోపం దాచాడని కాగితం మీద చూపగలిగితే, కొని ఎన్నో రోజులు కాకపోతే వెనక్కి ఇవ్వడానికే పట్టుబట్టండి. అడ్రసు దొరకని మనిషి దగ్గర ‘ఉన్నది ఉన్నట్టు’ (లోపాలున్నా ఒప్పుకుంటున్నాను) అని సంతకం పెట్టి కొన్నారా? లోపం గాస్కెట్ వరకే అయితే బాగు చేయించుకోవడం నయం. బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి మీటరు మాత్రం తక్కువ కిలోమీటర్లు చూపిస్తోందంటే, మీటరు వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి; ఆ బండి మీద నేనైతే పైసా పెట్టను.