ఫ్రైబుర్గా, కాలేజ్ పార్కా, హేగా? మారణహోమాల ఫైళ్లతో పని చేయాలనుకునేవారికి ఏది మేలు

చరిత్ర ఎం.ఏ. చేసి, యుద్ధకాలపు జాతిహననాలకు సంబంధించిన సైనిక పత్రాల మీద ఆర్కైవిస్టుగా స్థిరపడాలనుకునేవారు ఎక్కువగా అడిగేది ఇదే. జీతాలు, వీసాల కన్నా ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. మీ చేతికొచ్చే కాగితం అది పుట్టిన వరుసలోనే ఉందా, లేక ఎవరో తమ అవసరం కొద్దీ ఏరి పెట్టిన వరుసలో ఉందా? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

ఫ్రైబుర్గ్‌లో ఉన్నది జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ వారి సైనిక విభాగం; ఇక్కడ చెప్పేది అందులోని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైళ్ల గురించి. అక్కడ భూసైన్యం ఫైళ్లకు ‘ఆర్‌హెచ్’ అన్న గుర్తు ఉంటుంది: ఆర్‌హెచ్ 20 అంటే ఆర్మీలు, 24 వాటి కింది కోర్‌లు, 26 ఇంకా కింది డివిజన్లు. ఆర్‌హెచ్ 26-707 అని ఉంటే అది 707వ పదాతి డివిజన్ ఫైలు. డివిజన్‌లో ఐ-ఏ సెక్షన్ యుద్ధ కార్యకలాపాలు, ఐ-బీ సరఫరా, ఐ-సీ శత్రు సమాచారం, ఖైదీల విచారణ చూసేవి. కొత్తవాళ్లు నేరుగా యుద్ధ డైరీ తెరిచి, ఏమీ లేదని మూసేస్తారు. ఊచకోతల జాడ అక్కడ కన్నా దాని అనుబంధాల్లోనూ ఐ-సీ నివేదికల్లోనూ ఎక్కువ దొరుకుతుంది. పట్టుబడ్డ సోవియట్ సైన్యపు రాజకీయ అధికారులను కాల్చేయమన్న 1941 జూన్ 6 నాటి కమిసార్ ఉత్తర్వు కింద ఎంతమందిని కాల్చారన్న లెక్కలు తరచూ ఆ దారినే పైకి వెళ్లాయి.

బెలారస్‌లో ఉన్న ఆ 707వ డివిజన్ కమాండర్ 1941 అక్టోబరు-నవంబరుల మధ్య ఒక నెలకు పంపిన నివేదిక చూడండి. పట్టుబడ్డవారు 10,940. వారిలో కాల్చినవారు 10,431. తమవైపు చనిపోయినవారు 2, గాయపడినవారు 5. పైన ‘పార్టిజాన్ల ఏరివేత’ (అంటే గెరిల్లాల ఏరివేత) అని రాసి ఉన్నా, ఈ అంకెలు పోరాటానివి కావు. అదే వారం ఐ-ఏ ఏం రాసింది, ఐ-బీ ఎన్ని తూటాలు ఇచ్చింది అని పక్క ఫైలు తీసి సరిచూడగలిగితేనే ఆ మాట నిలబడుతుంది. పక్క ఫైలు పక్కనే ఉండటం ఫ్రైబుర్గ్ బలం. కానీ లోటు కూడా పెద్దదే: 1945 ఏప్రిల్ 14న పోట్స్‌డామ్ మీద పడిన బాంబుల్లో సైనిక ఆర్కైవ్ చాలా భాగం కాలిపోయింది. ఫైలు లేదంటే నేరం లేదని అనుకోకూడదు.

హేగ్ సంగతి వేరు. యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ 2017 డిసెంబరు 31న మూతపడ్డాక దాని పత్రాలు దాని మిగిలిన పనులు చూసే ఐక్యరాజ్యసమితి ‘అవశేష యంత్రాంగం’ చేతికి వచ్చాయి. అసలు కాగితం ఎందుకు ముఖ్యమో అర్థం కావాలంటే బోస్నియా సెర్బు సైన్యంలోని జ్వోర్నిక్ బ్రిగేడ్ మిలిటరీ పోలీసుల 1995 జూలై హాజరు పట్టిక చాలు. 1998లో సోదా చేసి పట్టుకున్న కాగితాల్లోది అది. నెల మధ్యలో కొందరి పేర్లకు ఎదురుగా ‘టీ’ అని ఉంటుంది, అంటే బయట డ్యూటీ. కింద చెరిపేసినది ‘ఓ’, అంటే ఒరాహొవాట్స్. స్రెబ్రెనిత్సా పతనమయ్యాక పట్టుకున్న బోస్నియా ముస్లిం ఖైదీలను బడిలో ఉంచి, జూలై 14న పక్క పొలాల్లో కాల్చింది ఆ ఊళ్లోనే. మామూలు నలుపు-తెలుపు ఫొటోకాపీలో అలాంటి గీకుడు కనబడకుండా పోవచ్చు.

అయినా హేగ్‌లో ప్రతి పేజీకీ ఉన్నది ప్రాసిక్యూషన్ వేసిన సాక్ష్య నమోదు సంఖ్య. కాగితాలు చేరింది కేసు కోసం. కేసుకు అక్కర్లేనిదాన్ని ఎవరూ వెతకలేదు. పైగా రహస్య షరతు మీద దేశాలు ఇచ్చిన పత్రాలు, ఆంతరంగిక విచారణల పాఠాలు మీ కళ్ల ముందే ఉన్నా బయట పెట్టలేరు. సంస్థ కూడా తాత్కాలికమని 2010 నాటి భద్రతా మండలి తీర్మానమే చెప్పింది. భారతీయులకు పౌరసత్వం అడ్డురాని దారి మాత్రం ఇది. సెర్బియన్ సిరిలిక్ చేతిరాత చదవగలిగితే ఇంకా మంచిది.

కాలేజ్ పార్క్‌లో ఉన్నది అమెరికా నేషనల్ ఆర్కైవ్స్; దాని గురించి రెండు ముక్కలు చాలు. యుద్ధంలో చేజిక్కిన జర్మన్ ఫైళ్లకు అమెరికన్లు వర్జీనియాలో మైక్రోఫిల్మ్ తీసి, అసళ్లను జర్మనీకి తిప్పి పంపారు. ఆ ఫిల్ము వరుసల్లో టీ-315 డివిజన్లది, టీ-501 సైన్యం వెనుక ప్రాంతాలది. ఫిల్ములో రంగు పెన్సిలు వ్యాఖ్యలు నలుపైపోతాయి. అసళ్లకు ఫ్రైబుర్గ్‌లో కొత్త నంబర్లు పడ్డాయి కాబట్టి పాత నంబరుతో వెతికితే దొరకదు, పోలిక పట్టిక కావాలి. ఉద్యోగానికి దాదాపు ఎప్పుడూ అమెరికా పౌరసత్వం అడుగుతారు. స్మారక మ్యూజియంలు బాధితుల వాంగ్మూలాలకు గొప్పవి, కానీ సైనిక ఫైళ్లు అక్కడ ఎక్కువగా నకళ్లే.

పని నేర్చుకోవడానికి నా మొగ్గు ఫ్రైబుర్గ్ వైపే. శాశ్వత అధికారి హోదాకు సాధారణంగా జర్మన్ లేదా ఈయూ పౌరసత్వం కావాలి, రెండేళ్ల శిక్షణలో కొంత కాలం మార్బుర్గ్ ఆర్కైవ్ స్కూల్లో గడుస్తుంది. అది కుదరనివారు పరిశోధన ప్రాజెక్టుల కాంట్రాక్టు ఉద్యోగాలు చూసుకోవచ్చు. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ వారి ఏడాది డిప్లొమా చేసి ఉంటే కాగితం పట్టుకునే పద్ధతైనా వస్తుంది. ఉదాహరణకు, తుప్పు పట్టిన పిన్ను తీసే ముందు ఏ పేజీ దేనికి గుచ్చి ఉందో రాసుకోవాలి. లేకపోతే ఆ పిన్నుతోపాటు ‘ఈ ఉత్తర్వుకు ఈ జాబితా జతచేశారు’ అన్న సాక్ష్యం కూడా పోతుంది.

జర్మన్‌లో పట్టు ఉందో లేదో చూసుకోవడానికి ఒక డివిజన్ ఫిల్ము తీసి, ఒకే వారానికి ఐ-ఏ, ఐ-బీ, ఐ-సీ నివేదికలు పక్కపక్కన పెట్టండి. సంక్షిప్తాలన్నీ విప్పి, ఒకచోట ఉండి మరోచోట లేని సంఖ్యలను వేరే కాగితం మీద దించండి.